మందు పట్టించిన విత్తనాలు, సేంద్రియ విత్తనాలు: మనుషులకు, పశువులకు ఏది భద్రం, ఏది కాదు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మందు పట్టించిన విత్తనం మట్టిలో ఉన్నంతసేపు దాని పని అది చేసుకుపోతుంది. ముప్పంతా అది దారి తప్పినప్పుడే: వంటింట్లోకో, దాణా తొట్టిలోకో, పిల్లల చేతికో, పక్షుల నోటికో చేరినప్పుడు. సేంద్రియ విత్తనానికి ఈ రసాయనాల బెడద లేకపోయినా, దానికుండే ప్రమాదాలు దానికున్నాయి. కింది ప్రశ్నలన్నీ ఈ రెంటి చుట్టూ తిరిగేవే.

విత్తనానికి మందు ఎందుకు పట్టిస్తారు? ఎంత పడుతుంది?

నాటాక తొలి రెండు మూడు వారాలు గింజకు గండం. నేలలోని బూజులు గింజను కుళ్లబెడతాయి, మొలకను మొదట్లోనే వాల్చేస్తాయి. చెదలు, వేరుపురుగులు, రసం పీల్చే పురుగులు మిగతా పని పూర్తి చేస్తాయి. చేనంతా పిచికారీ చేసే బదులు గింజ చుట్టూ మాత్రమే మందు ఉంచితే చాలా కొద్ది మందుతో పని జరిగిపోతుంది. తెగుళ్లకు థైరమ్, కాప్టాన్, కార్బెండజిమ్, మెటలాక్సిల్, టెబుకొనజోల్, ఫ్లూడియాక్సోనిల్ వంటివి వాడతారు. పురుగులకు ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్, ఫిప్రోనిల్ వంటివి. ఒకే గింజ మీద రెండు మూడు మందులు ఉండడం ఇప్పుడు మామూలే.

ఎకరం లెక్కన చూస్తే ఇది తక్కువ మందే. గింజ లెక్కన చూస్తే మాత్రం చాలా ఎక్కువ. మొక్కజొన్న గింజకు నియోనికోటినాయిడ్ జాతి పురుగుమందు ఒక్కోదానికి 0.25 నుంచి 1.25 మి.గ్రా. దాకా పట్టిస్తారు. కిలోకు సుమారు 3,000 గింజలు అనుకుంటే, ఆ కిలో గింజల మీద 750 నుంచి 3,750 మి.గ్రా. మందు ఉన్నట్టు. తినే మొక్కజొన్నలో ఇదే జాతి మందులకు ఒప్పుకునే అవశేష పరిమితి కిలోకు మిల్లీగ్రాములో కొన్ని వందో వంతులు మాత్రమే. ఈ తేడా ఒక్కటి మనసులో ఉంచుకుంటే కింద చెప్పే సగం జాగ్రత్తలకు కారణం వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఎరుపు, గులాబీ, నీలం రంగే విషమా? రంగు పోయేదాకా కడిగితే తినొచ్చా?

రంగు విషం కాదు, హెచ్చరిక. తినే గింజతో కలిసిపోకుండా, చూడగానే తెలియడానికి దాన్ని కలుపుతారు. కడిగితే పోయేది హెచ్చరికే, మందు కాదు.

ఈ పొరపాటు ఎంత దూరం వెళ్తుందో 1971-72 శీతాకాలంలో ఇరాక్‌లో తేలింది. విత్తడానికని మిథైల్ మెర్క్యురీ పట్టించిన గోధుమ, బార్లీ విత్తనాలను విదేశాల నుంచి తెప్పించి పల్లెల్లో పంచారు. సంచుల మీద హెచ్చరికలు స్పానిష్‌లో, ఇంగ్లిష్‌లో ఉన్నాయి. చాలాచోట్ల విత్తే అదను దాటాక గింజలు చేరాయి. జనం రంగు కడిగేశారు. కొందరు అనుమానంతో ముందు కోళ్లకు వేసి నాలుగు రోజులు చూశారు కూడా, వాటికేమీ కాలేదు. పిండి పట్టించి రొట్టెలు చేసుకున్నారు. ఈ పాదరస సమ్మేళనం లక్షణాలు బయటపడడానికి వారాలు పడుతుంది. కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నడక తూలడం, చూపు పోవడం మొదలయ్యేసరికి జనం నెలకు పైగా తింటూనే ఉన్నారు. అధికారిక లెక్కల ప్రకారం 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, అక్కడే 459 మంది చనిపోయారు.

అంతకుముందు 1955-59 మధ్య టర్కీలో హెక్సాక్లోరోబెంజీన్ పట్టించిన గోధుమ విత్తనం తిని వేల మంది పోర్ఫైరియా అనే జబ్బు పాలయ్యారు. తల్లిపాల ద్వారా విషం చేరి ఎందరో పసిబిడ్డలు పోయారు. ఈ రెండు మందులూ ఇప్పుడు విత్తనాల మీద వాడడం లేదు. కానీ "కోడికి వేసి చూశాం, బాగానే ఉంది" అనే పరీక్షను ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అది పరీక్ష కాదు.

ఉడికిస్తే? వేయిస్తే? నూనె ఆడిస్తే?

ఏదీ పనికిరాదు. గింజకు పట్టించే మందుల్లో చాలావరకు వంట వేడికి పూర్తిగా విరిగిపోవు. కొన్ని పైపొరను దాటి గింజలోకి ఇంకుతాయి. పైగా ఇప్పుడు మందు రాలకుండా పాలిమర్ పూత వేస్తున్నారు కాబట్టి నీళ్లతో పూర్తిగా వదలదు, వదిలినంత మందూ కాలువలోకి పోతుంది. నూనెలో కరిగే మందులు నూనెలోకి, మిగతావి తెలగపిండిలోకి చేరతాయి. పులియబెట్టి సారా తీసినా అడుగున మిగిలే పిప్పిలో మందు మిగులుతుంది, దాన్ని పశువులకు పెట్టడానికి వీల్లేదు. అందుకే సంచి మీద "తిండికి, దాణాకు, నూనెకు వాడరాదు" అని మూడూ విడివిడిగా రాస్తారు.

రంగు లేదంటే మందు లేనట్టేనా?

కాదు. ఇంట్లో పొడిమందు కలుపుకున్న గింజకు రంగు ఉండకపోవచ్చు. పాత గింజల రంగు వెలిసిపోతుంది. ఇక రంగున్న ప్రతి గింజకూ మందు ఉంటుందనీ లేదు: ఉత్త రంగు వేసినవి, బంకమట్టి పూతతో గుండ్రంగా చేసిన సన్న గింజలు, జీవ ఎరువు పట్టించినవీ ఉంటాయి. రంగుకూ జన్యుమార్పిడికీ అసలే సంబంధం లేదు. తెలిసేది లేబుల్ వల్లే. లేబుల్ చిరిగిపోయిన, ఎక్కడిదో తెలియని గింజను మందు పట్టించినదిగానే లెక్కవేయండి.

లేబుల్ మీద ఏం చూడాలి?

మందు పట్టించినట్టు స్పష్టమైన మాట, మందు పేరు, జాగ్రత్త వాక్యం. "విషం" అని ఎర్రక్షరాలతో ఉంటే అది అతి ప్రమాదకరమైన తరగతి. మందు పేరు ఉన్న భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరైనా గింజలు మింగితే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న "ఏ మందు?" అనే. "గులాబీ రంగు గింజ" అన్న జవాబుతో ఆయన చేయగలిగింది తక్కువ, ఎందుకంటే ఏ రంగు ఏ మందుకు అన్న నియమమేమీ లేదు.

సేంద్రియ విత్తనం, మందు పట్టించని విత్తనం రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. మందు పట్టించని విత్తనం అంటే కోత తర్వాత దానికి రసాయనం పూయలేదని మాత్రమే అర్థం. దాన్ని ఇచ్చిన తల్లిపంటకు పురుగుమందులు కొట్టి ఉండొచ్చు, గోదాములో పొగబెట్టి ఉండొచ్చు. సేంద్రియ విత్తనానికి తల్లిపంట కూడా సేంద్రియ ప్రమాణాల ప్రకారం పెరగాలి, జన్యుమార్పిడి ఉండకూడదు, కోత తర్వాత కృత్రిమ మందులు తగలకూడదు, ఇదంతా ధ్రువీకరణ కాగితాల్లో ఉండాలి.

సేంద్రియం అంటే అసలేమీ పట్టించరని కాదు. వేడినీటి శుద్ధి, మేలు చేసే సూక్ష్మజీవులు (ట్రైకోడెర్మా, సూడోమోనాస్, రైజోబియం), బంకమట్టి పూత చెల్లుతాయి. రాగి మందులకు చాలా ప్రమాణాల్లో పరిమితులతో అనుమతి ఉంది. గొర్రెలున్నవారు ఇక్కడ ఆగి చూసుకోవాలి: మిగతా పశువులు తట్టుకునే రాగిని గొర్రెలు తట్టుకోలేవు, అది కాలేయంలో పేరుకుని ఒక్కసారిగా ప్రాణం తీస్తుంది. కాబట్టి సంచి మీద సేంద్రియ ముద్ర ఉన్నా, లోపలి విత్తనం దాణా అయిపోదు.

సేంద్రియ విత్తనాలను మొలకెత్తించి పచ్చిగా తినొచ్చా?

నాటడానికి అమ్మే విత్తనాన్ని వద్దు. తినే మొలకల కోసమని ప్రత్యేకంగా అమ్మేవే వాడండి. కారణం రసాయనం కాదు, సూక్ష్మజీవులు. పొలంలో పెంట ఎరువు, పక్షుల రెట్టలు, ఎలుకలు, నూర్పిడి కళ్లం... వీటిలో ఎక్కడైనా సాల్మొనెల్లా, ఈ. కోలై వంటివి గింజ పొరలోని సన్న పగుళ్లలోకి చేరి నెలల తరబడి బతికి ఉంటాయి. మొలకెత్తించే తడి, వెచ్చదనం వాటికి కూడా అనుకూలం. గింజ మీద నాలుగైదు ఉన్నవి రెండు రోజుల్లో లక్షలవుతాయి. నాటే విత్తనాన్ని ఈ దృష్టితో ఎవరూ పరీక్షించరు, మట్టిలో పెట్టేదానికి ఆ అవసరమూ లేదు.

2011లో జర్మనీలో ఈ. కోలై ఓ104:హెచ్4 వ్యాప్తికి మూలం ఒక సేంద్రియ క్షేత్రంలో పండించిన మొలకలు. అనుమానం చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల మీదికి చేరింది. 50 మందికి పైగా చనిపోయారు, వందల మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇంట్లో కడిగినంత మాత్రాన ఈ సూక్ష్మజీవులు పోవు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మొలకలను ఉడికించే తినాలి.

మందు పట్టించిన విత్తనంతో మొలకలు గానీ, ట్రేలలో పెంచే సూక్ష్మ ఆకుకూరలు గానీ వేయడం అన్నిటికంటే ప్రమాదం. గింజ మీది మందు పలచబడే సమయమే ఉండదు.

ఏ మందూ లేకపోయినా గింజే విషమయ్యేవి ఉంటాయా?

చాలా ఉన్నాయి. వీటి గురించి విత్తన ప్యాకెట్ మీద తరచుగా ఒక్క ముక్క కూడా ఉండదు.

ఆముదం గింజలో రైసిన్, గురివింద గింజలో అబ్రిన్ ఉంటాయి. గట్టి పెంకుతో గింజ మొత్తంగా మింగితే చాలాసార్లు అరగకుండానే బయటకు పోతుంది. నమిలితేనే అసలు ప్రమాదం, కొన్ని గింజలే ప్రాణం మీదికి తెస్తాయి. సేంద్రియ ఎరువుగా వాడే ఆముదపు పిండిది కూడా ఇదే గొడవ. ఎముకల పొడితో కలిపి కుండీల్లో వేసినప్పుడు కుక్కలు ఆ వాసనకు తవ్వుకుని తిని చనిపోతుంటాయి. అడవి ఆముదం, ఉమ్మెత్త గింజలూ ఈ కోవలోవే. రాజ్మా పచ్చి గింజలోని లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట గలగలా మరిగిస్తే పోతుంది. సన్న సెగ మీద గంటల తరబడి ఉంచితే మాత్రం పోదు. పత్తి గింజలోని గాసిపాల్‌ను పెద్ద పశువులు కొంతవరకు తట్టుకుంటాయి. పందులు, కోళ్లు, చిన్న దూడలు తట్టుకోలేవు.

పశువుల విషయంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది లేత జొన్న. ఏ మందూ ఎరగని సేంద్రియ జొన్న అయినా లేత ఆకుల్లో ధుర్రిన్ ఉంటుంది, అది పశువు కడుపులో సైనైడ్‌గా మారుతుంది. బెట్టకు వాడినప్పుడు, కోశాక మళ్లీ చిగిర్చినప్పుడు ఇంకా పెరుగుతుంది. పైరు కనీసం 60 సెం.మీ. ఎత్తు దాటేవరకు పశువులను దగ్గరికి పోనివ్వకండి. మేసిన నిమిషాల్లోనే పశువు ఎగశ్వాసతో కూలిపోవచ్చు, పశువైద్యుడు వచ్చేదాకా కూడా సమయం చిక్కదు.

పాత, బూజుపట్టిన సేంద్రియ విత్తనాన్ని పశువులకు వేయొచ్చా?

వేయకూడదు. బూజుపట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ దిగుతుంది, ఎండకు పోదు, వంటకు పోదు. సజ్జ విత్తనంలో ఎర్గాట్ అనే విషపు బూజు ముద్దలు ఉంటే 10 లీటర్ల నీటిలో 1 నుంచి 2 కిలోల ఉప్పు కరిగించి గింజలు పోస్తే ముద్దలు, తాలు పైకి తేలతాయి. మునిగిన గింజలను మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నీడన ఆరబెట్టి విత్తుకోవచ్చు. తేలినవాటిని పెంట మీద పారబోయకండి, కోళ్లు ఏరుకుంటాయి. కాల్చేయండి, లేదా లోతుగా పూడ్చండి.

మందు పట్టించిన విత్తనంతో పండిన పంట తినడం భద్రమేనా?

కోతదాకా పెరిగిన పంట భద్రమే. గింజ మీది పురుగుమందులో మొక్కలోకి చేరేది కొద్ది భాగమే. నియోనికోటినాయిడ్ల విషయంలో పంటను బట్టి 1.6 నుంచి 20 శాతం దాకా అని కొలిచారు. గింజతో పోలిస్తే మొక్క వందల రెట్లు పెరుగుతుంది, నెలలు గడిచేకొద్దీ మందు విరిగిపోతుంది. మిగిలినది అవశేష పరిమితి కంటే బాగా కిందే ఉంటుంది.

ఆ మాట "కోతదాకా పెరిగిన" పంటకే. ఒత్తుగా మొలిచిందని పది పదిహేను రోజులకు పీకేసే లేత మొక్కల్లో మందు గాఢంగానే ఉంటుంది. వాటిని కూర వండుకోవడం, మేకలకు వేయడం రెండూ తప్పే. ధనియాలు, మెంతులు, తోటకూర వంటివి నెలలోపే కోసేవి కాబట్టి వాటికి మందు పట్టించని విత్తనమే ఎంచుకోండి. పశుగ్రాసం పైర్లకు ఎన్ని రోజులు మేపకూడదో లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే లేత పైరు మేపకుండా ఉండడమే మంచిది. మందు పట్టించిన బంగాళదుంప, వెల్లుల్లి విత్తనాలు నాటగా మిగిలితే కూరకు పనికిరావు.

ఇంట్లో విత్తనానికి మందు పట్టించేటప్పుడు ఎలా జాగ్రత్తపడాలి?

ఎక్కువగా మందు తగిలేది ఇక్కడే, కొన్న విత్తనం దగ్గర కాదు. వట్టి చేతులతో గోనెపట్టా మీద కలపడం, ఆ చేత్తోనే నుదురు తుడుచుకోవడం చాలాచోట్ల కనిపించే దృశ్యం.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. గుడ్డ తొడుగులు మందును పీల్చుకుని చర్మానికి పట్టించి ఉంచుతాయి, అవి లేకపోవడమే నయం. పొడవు చేతుల చొక్కా, కళ్లద్దాలు, పొడిమందు అయితే ఎన్95 రకం మాస్క్ ఉండాలి. కాప్టాన్ పొడి కంట్లో పడితే కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది. కలపడానికి మూత బిగుసుకునే డ్రమ్ము వాడండి, సగానికి మించి నింపకండి, లేకపోతే గింజలు తిరగవు, మందు ఒకచోటే ముద్దకడుతుంది. ముందు గింజలు, వాటి మీద మోతాదు మందు (థైరమ్ పొడి అయితే సాధారణంగా కిలోకు 3 గ్రాములు, మిగతావాటికి లేబుల్ ఎంతంటే అంత), ద్రవమందు అయితే కిలోకు 5 నుంచి 10 మి.లీ. నీళ్లతో పలచన చేసి పోయండి. మూతపెట్టి గింజలన్నిటికీ రంగు సమంగా పట్టేదాకా నెమ్మదిగా దొర్లించండి. నీళ్లు ఎక్కువైతే వేరుశనగ పప్పుకు పైపొర ఊడిపోతుంది, మొలక శాతం పడిపోతుంది. తర్వాత నీడలో పలచగా పరిచి అరగంట ఆరబెట్టండి, ఆ అరగంటా కోళ్లు, పిల్లలు రాకుండా ఒక మనిషి అక్కడ ఉండాలి.

ఆ రోజుకు విత్తేంత మాత్రమే కలపండి. మిగిలిపోవడమే తర్వాతి చిక్కులన్నిటికీ మొదలు.

వరుస కూడా ముఖ్యమే: ముందు తెగులు మందు, తర్వాత పురుగుమందు, చివరగా విత్తేముందు రైజోబియం. కార్బెండజిమ్ పట్టించిన గింజకు ట్రైకోడెర్మా పట్టిస్తే డబ్బు దండగ, ఆ మందు దాన్నే చంపుతుంది. పని అయ్యాక గ్లౌజులు ఉండగానే వాటిని సబ్బుతో కడిగి, విప్పి, చేతులు మళ్లీ కడుక్కోండి. మూత్రానికి వెళ్లేముందు కూడా కడుక్కోవాలి; ఇది ఎవరూ చెప్పరు, మందు చర్మంలోకి తేలిగ్గా ఇంకేది మాత్రం అక్కడే. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి.

థైరమ్‌తో పని చేసినవారికి ఇంకో మాట. మద్యం మానిపించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్‌కు ఇది దగ్గరి చుట్టం. పని చేసిన రోజు, మర్నాడు మద్యం తాగితే ముఖం ఎర్రబడి, తల పగిలేలా నొప్పి, గుండెదడ వస్తాయి.

జీవమందులకూ మాస్క్ కావాలి. ట్రైకోడెర్మా పొడి విషం కాకపోయినా ఉబ్బసం ఉన్నవారికి ఆ దుమ్ము పడదు.

రసాయనం లేకుండా వేడినీటితో శుద్ధి చేయాలంటే?

సన్న గింజలకు బాగా పనిచేస్తుంది. గింజలను పలచని గుడ్డలో వదులుగా మూటకట్టి, ముందు 37 డిగ్రీల సెల్సియస్ నీటిలో 10 నిమిషాలు ఉంచండి. తర్వాత అసలు నీటిలోకి మార్చండి: టమాటా, క్యాబేజీలకు 50 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, కాలీఫ్లవర్, బ్రకోలీలకు అదే వేడిలో 20 నిమిషాలు. వెంటనే 5 నిమిషాలు చల్లని నీటిలో ముంచి, ఆరబెట్టండి. వేలితో చూసి వేడి అంచనా వేస్తే కుదరదు, థర్మామీటర్ ఉండాలి. రెండు డిగ్రీలు తగ్గితే తెగులు చావదు, రెండు డిగ్రీలు పెరిగితే గింజ చస్తుంది. చిక్కుడు, బఠాణీ, మొక్కజొన్న, గుమ్మడి జాతి పెద్ద గింజలకు ఈ పద్ధతి వద్దు: లోపలికి వేడి చేరేసరికి పైభాగం ఉడికిపోతుంది. ముందే మందో పూతో ఉన్న గింజను ఇందులో వేయకండి, మందంతా నీళ్లలోకి దిగుతుంది.

ఈ శుద్ధి మొక్క తెగుళ్ల కోసం. మొలకలు తినడానికి దీన్ని నమ్ముకోవద్దు.

విత్తేటప్పుడు పక్షులకు, తేనెటీగలకు ఏం జరుగుతుంది?

పైన మిగిలిపోయిన గింజలే పక్షులకు చేటు. ఇమిడాక్లోప్రిడ్ వల్ల ఎలుకల్లో సగం చనిపోయే మోతాదు శరీర బరువులో కిలోకు సుమారు 450 మి.గ్రా.; పిచ్చుకల్లో అది 41 మాత్రమే. 28 గ్రాముల పిచ్చుకకు ఇది 1.1 మి.గ్రా. కంటే కాస్త ఎక్కువ. గింజకు మిల్లీగ్రాము దాకా మందు పట్టే పెద్ద విత్తనాల్లో ఒకటి రెండు గింజల్లోనే అంత ఉండొచ్చు. గింజ ఒలికిపోయేది ఎక్కువగా చేను చివర, యంత్రం తిరిగేచోట, సంచి విప్పి పోసేచోట. అక్కడ ఏరేయండి, లేదా మట్టి కప్పండి. గొర్రు చివరికి వచ్చేముందే గింజ వదలడం ఆపితే చాలావరకు ఒలకదు.

తేనెటీగలకు ముప్పు దుమ్ముతో. 2008 వసంతంలో జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ ప్రాంతంలో క్లోథియానిడిన్ పట్టించిన మొక్కజొన్న విత్తుతుండగా 11,000కు పైగా తేనెపట్టు పెట్టెలు దెబ్బతిన్నాయి. మందు గింజకు సరిగా అంటలేదు, గాలితో గింజ పీల్చే యంత్రాలు ఆ రాలిన దుమ్మును పైకి ఊదేశాయి, అది పక్కనే పూతలో ఉన్న ఆవ జాతి పైర్ల మీద పడింది. 2018లో ఐరోపా సమాఖ్య ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌లను ఆరుబయట వాడకుండా నిషేధించింది. వాడకం ఉన్నచోట సంచి అడుగున మిగిలిన పొడిని యంత్రంలోకి దులపకపోవడం, గాలి ఎక్కువున్న రోజు విత్తకపోవడం, పూతలో ఉన్న పక్క చేలను చూసుకోవడం రైతు చేతిలో ఉన్నవి.

ఆవో గేదో మందు పట్టించిన గింజలు తినేసింది. ఏం చేయాలి?

ఇక్కడ రెండు ప్రమాదాలు ఒకేసారి నడుస్తాయి, చాలామంది ఒకటే చూస్తారు. మొదటిది మందు. పురుగుమందు అయితే నోటి వెంట చొంగ, కండరాల వణుకు, తూలడం, మూర్ఛ కొద్ది గంటల్లోనే కనిపించవచ్చు. రెండోది గింజే. అలవాటు లేని పశువు ఒక్కసారిగా కిలోల కొద్దీ గింజ తింటే పొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. ఏ మందూ లేని గింజకు కూడా ఇది జరుగుతుంది. కాబట్టి "తెగులు మందే కదా" అని ఊరుకోకూడదు.

మిగిలిన గింజ తీసేయండి, ఎండుగడ్డి ముందు వేయండి, లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో, ఏ మందో చెప్పండి. నూనె, మజ్జిగ గొట్టంతో పోయకండి. తూలుతున్న పశువు గుటకవేయలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో మందును బట్టి పశువైద్యుడే చెప్పాలి.

కోళ్ల విషయంలో థైరమ్ ప్రత్యేకం. కోడి చావకపోయినా కాళ్లు వంకరపోతాయి, గుడ్లు తోలుగుడ్లుగా వస్తాయి. కారణం దాణాలో కలిసిన విత్తనమని చాలా ఆలస్యంగా తడుతుంది. ఆ గుడ్లు తినకండి.

పిల్లవాడు రంగు గింజలు నోట్లో పెట్టుకున్నాడు.

నోట్లో మిగిలినవి తీసేసి, నోరు నీళ్లతో కడిగి, చేతులు, ముఖం సబ్బుతో కడగండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, చింతపండు రసం, నూనె ఇలాంటివేవీ పట్టించకండి. ఒక గింజ నోట్లో పెట్టుకుని ఉమ్మేసినా వైద్యుడిని అడగండి, నమిలి మింగితే లేబుల్ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మత్తుగా ఉన్నా, వణుకుతున్నా, నోటి నుంచి చొంగ కారుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లండి. మందు పొడి కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టి 15 నుంచి 20 నిమిషాలు నీటి ధార పోయాలి.

విత్తనం ఎక్కడ నిల్వ చేయాలి?

తాళం వేసే గదిలో, తిండిగింజలకు, దాణాకు దూరంగా, అసలు లేబుల్ ఉన్న సంచిలోనే. పాత బిస్కెట్ డబ్బాలో, పప్పుల సీసాలో పోయడం వద్దు. పడకగదిలో అసలే వద్దు.

పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టే అలవాటు ఉంటే ఇంట్లో మానేయండి. 3 గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. గోడ పగుళ్ల గుండా పక్క గదిలోకి పోతుంది, విరుగుడు మందు లేదు. నిద్రలో ఉన్న కుటుంబాలు చనిపోయిన సందర్భాలున్నాయి. ఇల్లు కాని చోట, శిక్షణ పొందినవారి చేత మాత్రమే చేయించాలి. ఇంటి పాటికి బాగా ఎండిన గింజను గాలి చొరని డబ్బాలో పోసి నిండుగా మూసేస్తే చాలు.

విత్తగా మిగిలిన మందు గింజల్ని ఏం చేయాలి?

ముందు డీలర్ వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. వచ్చే ఏడాదికి ఉంచాలంటే విత్తేముందు 100 గింజలతో మొలక పరీక్ష చేయండి. ఆ గుడ్డ, పళ్లెం మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పాడైన కొద్దిపాటి గింజను బంజరులో పలచగా చల్లి, 5 సెం.మీ. మట్టి కప్పేలా దున్నేయొచ్చు. నీటి గట్లకు, బావులకు, మేత బీళ్లకు దూరంగా ఉండాలి. సంచుల కొద్దీ ఉంటే స్థానిక వ్యవసాయ అధికారులు చెప్పిన విధంగా ప్రమాదకర వ్యర్థంగానే వదిలించుకోవాలి. ఒకేచోట గుంటలో గుమ్మరిస్తే మందంతా అక్కడే పేరుకుని భూగర్భ జలంలోకి దిగుతుంది. కంపోస్టులో వేయకండి, పొయ్యిలో కాల్చకండి.

ఖాళీ సంచి గట్టిగా ఉంది, బియ్యానికి వాడుకోవచ్చా?

వద్దు. ఉతికినా నేతలో దుమ్ము ఉంటుంది. ఎవరూ వాడలేకుండా కోసేయండి.

పొరపాటున నాలుగు రంగు గింజలు ధాన్యం రాశిలో కలిశాయి. ఏరేస్తే సరిపోతుందా?

కనిపించిన నాలుగూ ఏరగలరు, వాటి నుంచి రాలిన పొడిని ఏరలేరు. ఆ రాశిని అమ్మకండి, మర పట్టించకండి. కొనేవారు ఒక్క రంగు గింజ చూసినా లారీ మొత్తం వెనక్కి పంపే అవకాశం ఉంది. కలిసిన భాగాన్ని విడిగా తీసి, విత్తనంగానే వాడుకోండి, కుదరకపోతే పైన చెప్పినట్టు వదిలించుకోండి. ఇది ఎక్కువగా జరిగేది విత్తనం మోసిన ట్రాలీనో, గొర్రు డబ్బానో, ధాన్యం ఎక్కించే ఆగర్ గొట్టాన్నో తుడవకుండా ధాన్యానికి వాడినప్పుడు. మూలల్లో ఇరుక్కున్న గింజలు చేత్తో తీసి, దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ధాన్యం ఎక్కించండి. గాలి కొట్టి ఊదితే ఆ దుమ్ము మీ ముక్కులోకే పోతుంది.